వంగిన గోడకు బాధ్యులెవరు?



శుక్రవారం నాడు సూరా కహఫ్ పారాయణం చేసే ఇళ్లలో హజ్రత్ మూసా (అ), హజ్రత్ ఖిజ్ర్ (అ)ల వృత్తాంతం పిల్లలకు సైతం తెలుసు. ఆ ప్రయాణంలోని మూడో ఘట్టం ఒక గోడకు సంబంధించినది. అన్నం పెట్టడానికి నిరాకరించిన ఊరిలో, కూలడానికి సిద్ధంగా ఉన్న గోడను ఖిజ్ర్ (అ) సరిచేసి నిలబెట్టారు. దీనికి కూలి తీసుకొని ఉండవచ్చు కదా అన్నారు మూసా (అ). ఆ గోడ ఇద్దరు అనాథ బాలలదని, దాని కింద వారి నిధి ఉందని, వారు పెద్దవారయ్యేదాకా అది భద్రంగా ఉండాలన్నది ప్రభువు సంకల్పమని తర్వాత తెలిసింది. ఈ ఘట్టాన్ని బోధించేటప్పుడు మనం నిధి గురించే ఎక్కువగా మాట్లాడుతాం. గోడ సంగతి వదిలేస్తాం. అది కూలితే నష్టపోయేవారికి దాన్ని నిలబెట్టే శక్తి లేదు. శక్తి ఉన్న ఊరివారికి ఆ గోడ పట్టలేదు. పాత భవనాల్లో బతుకుతున్న పేద కుటుంబాల పరిస్థితి నేడు సరిగ్గా ఇదే.

ముంబయిలో మహమ్మద్ అలీ రోడ్డును ఆనుకొని ఉన్న భేండీ బజార్‌ను మన పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. ఓడ ప్రయాణాల రోజుల్లో హజ్‌కు వెళ్ళిన పెద్దలకు ఆ వీధులు మరీ పరిచయం. అక్కడి చాల్‌లు (వరుస గదుల భవనాలు) ఓడరేవులోనూ బజారులోనూ పని వెతుక్కుంటూ వచ్చిన ఒంటరి మగవారి కోసం ఒక శతాబ్దానికి పూర్వం కట్టినవి. తర్వాత వారి భార్యాబిడ్డలు వచ్చారు. ఒక గది ఒక సంసారమయింది. వరండా చివరి మరుగుదొడ్డి ఆ అంతస్తులోని అందరిదీ. కింద దుకాణం, పైన కాపురం, పక్క సందులో మస్జిదు. ఈ అమరికలో మూడు నాలుగు తరాలు గడిచాయి.

2009లో దావూదీ బోహ్రాల ధర్మగురువు సయ్యద్నా ముహమ్మద్ బుర్హానుద్దీన్ ప్రేరణతో సైఫీ బుర్హానీ అప్‌లిఫ్ట్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. పదహారున్నర ఎకరాల్లోని దాదాపు 250 శిథిల భవనాలను తొలగించి, సుమారు 3,200 కుటుంబాలకూ 1,250 దుకాణాలకూ అక్కడే కొత్త నిర్మాణాల్లో చోటివ్వాలన్నది సంకల్పం. అద్దెకున్న కుటుంబానికి కనీసం 350 చదరపు అడుగుల ఇల్లు, అదీ యాజమాన్య హక్కుతో. వాదం అప్పుడే మొదలయింది. నూరేళ్ల చెక్క వరండాలను, వీధి స్వరూపాన్ని తుడిచివేయడం తగదు, మరమ్మతు చేయండి అన్నారు కొందరు. మరమ్మతుల కాలం దాటిపోయింది అన్నారు ఇంకొందరు. అసలు ఆ గదుల్లో ఉండేవారి అనుమానం వేరు. ఒకసారి బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రానిస్తారా?

ఆ అనుమానాన్ని తేలికగా తీసిపారేయలేం. తాత్కాలిక వసతి పేరిట ఇల్లు కదిలి, ఆ తాత్కాలిక గదుల్లోనే దశాబ్దాలు గడిపిన కుటుంబాలు ముంబయిలో ఉన్నాయి. అలాగని కదలకుండా కూర్చోవడం క్షేమమా అంటే, 2017 ఆగస్టు 31 ఉదయం ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. బక్రీదుకు ఇంకా రెండు రోజులుంది. పాక్మోడియా వీధిలోని హుసైనీ భవనం కూలిపోయి 33 మంది మరణించారు. అది ప్రమాదకరమని అధికారులు అంతకు కొన్నేళ్ల ముందే ప్రకటించారు. కొన్ని కుటుంబాలను తాత్కాలిక వసతికి తరలించారు, మిగిలినవారు ఉండిపోయారు. అందులో ఎవరి తప్పు ఎంత అని తీర్పు చెప్పడం నా పని కాదు. అల్లాహ్ ఆ మృతులను మన్నించుగాక! అయితే ఒక భవనం ప్రమాదకరమని తెలిసిన రోజుకూ అది కూలిన రోజుకూ మధ్య గడిచిన ఆ కాలం ఎవరి లెక్కలో పడుతుందన్న ప్రశ్న మాత్రం మనందరిదీ.

ఈ భవనాలు ఇంతగా శిథిలం కావడానికి కారణం వానలొక్కటే కాదు. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం అద్దెలను 1940 సెప్టెంబరు నాటి స్థాయి దగ్గర బిగించింది. యుద్ధానంతర కరువు రోజుల్లో అది పేదవానికి రక్షణే. కానీ ఆ ముడి దశాబ్దాల తరబడి సడలలేదు. నెలకు వచ్చే పదుల రూపాయలతో యజమాని కప్పు మార్చడు, దూలం మార్చడు. 1969లో ప్రభుత్వమే సెస్సు వసూలు చేసి మరమ్మతులు చేసే బోర్డును పెట్టింది. ఆ మరమ్మతులు చాలాచోట్ల కొయ్య ఆసరాలు నిలబెట్టడంతో ఆగాయి. అద్దెలను అలా బిగించి ఉంచడం ఇక సహేతుకం కాదని సుప్రీంకోర్టు 1997లో అన్నది. 1999లో కొత్త చట్టం వచ్చింది. పేదవాణ్ని కాపాడాలని చేసిన ఏర్పాటే చివరికి వాని తలమీది కప్పును పుచ్చిపోనిచ్చింది. యజమానిని దోషిగా, అద్దెదారును నిర్దోషిగా, లేదా తలకిందులుగా చూపి తేల్చేసే ఉపన్యాసాలు నాకు అందుకే రుచించవు.

మన మదర్సాలలో బోధించే ‘హిదాయా’ గ్రంథంలో, రక్తపరిహారాల అధ్యాయంలో, వంగిన గోడ గురించి ప్రత్యేకంగా ఒక ప్రకరణం ఉంది. ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ ఎనిమిది వందల ఏళ్ల క్రితం రాసినది. విద్యార్థులు దీన్ని పరీక్ష కోసం చదివి దాటిపోతారు. మునిసిపల్ కార్యాలయాల్లో చదివించవలసిన పాఠమని నా అభిప్రాయం.

అందులోని నియమం ఇది. ఒకరి గోడ బాటవైపు వంగింది. దాన్ని తొలగించమని యజమానిని హెచ్చరించారు. తొలగించడానికి చాలినంత వ్యవధి ఉండీ అతడు తొలగించలేదు. అప్పుడు అది పడి ఎవరైనా మరణిస్తే, ఏదైనా నష్టపోతే అతడు బాధ్యుడు. హెచ్చరిక లేకుంటే బాధ్యత లేదు. ఇక అసలు విషయం: ఆ హెచ్చరిక ఎవరికి చేయాలి? పడగొట్టే అధికారం ఉన్నవానికి. ఆ ఇంట్లో కేవలం నివసించేవానికి చేసిన హెచ్చరిక చెల్లదు, ఎందుకంటే గోడ మీద అతనికి అధికారం లేదు. మన నగరాల్లో ‘శిథిల భవనం, ఖాళీ చేయండి’ అన్న కాగితం ఎవరి తలుపుకు అంటిస్తారో ఒకసారి తలచుకోండి. గోడను ముట్టుకునే హక్కు కూడా లేని అద్దెదారు తలుపుకు. అక్కడితో అందరి బాధ్యతా తీరినట్టే!

మరో నియమం ఇంకా కఠినమైనది. గోడ పొరుగింటి వైపు వంగితే, ఆ ఇంటివారు యజమానికి గడువు ఇవ్వవచ్చు. అది వారి సొంత హక్కు. అందులో నివసించేవారికీ తొలగించమని అడిగే హక్కుంది, ఇల్లు వారిది కాకపోయినా సరే. కానీ గోడ దారివైపు వంగితే ఖాజీ సైతం గడువు పొడిగించలేడు. దారి ప్రజలందరిదీ, వారి హక్కును వదులుకునే అధికారం ఆయనకు లేదు. ఫైలు మీద ‘మరో ఆరు నెలలు’ అని రాసే అధికారి ఈ వాక్యాన్ని చదివితే బాగుండును.

అద్దెదారుకు హెచ్చరిక చెల్లదన్నంత మాత్రాన అతనికి ఏ బాధ్యతా లేదని కాదు. చేజేతులా వినాశంలో పడవద్దని దివ్య ఖుర్ఆన్ ఆదేశం. భద్రమైన వసతి చూపి, తిరిగి వచ్చే హక్కును రాతపూర్వకంగా ఇచ్చిన తర్వాత కూడా మరో యాభై చదరపు అడుగులు వస్తాయేమోనని బీటలు వారిన దూలం కింద పిల్లలను పడుకోబెట్టే తండ్రిని సమర్థించలేను. అతని బేరం వల్ల పై అంతస్తులోని వితంతువు ఇల్లు కూడా ఆగిపోతుంది. అయితే రాతపూర్వకంగా అన్న మాటను తేలికగా చూడవద్దు. అప్పును రాసుకోమని సూరా బఖరాలో అంత వివరంగా ఆదేశించిన ధర్మం మనది. నీ ఇల్లు నీకు తిరిగి ఇస్తానన్నది అప్పు కాక మరేమిటి? గది కొలత, పేరు, తిరిగి ఇచ్చే తేదీ, ఆలస్యమైతే చెల్లించే అద్దె, సాక్షులు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. సంఘపెద్ద మాట ఇచ్చాడు కదా అని ఊరుకోవడం విశ్వాసం అనిపించుకోదు.

ఇక్కడ పగ్డీ అన్న చిక్కుముడి ఉంది. పగ్డీ అంటే తలపాగా. అద్దెకు దిగేటప్పుడే యజమానికి పెద్ద మొత్తం చెల్లించి, ఆపైన నామమాత్రపు అద్దెతో తరాలు ఉండిపోయే పద్ధతికి ముంబయిలో ఆ పేరు. 1988లో జిద్దాలో అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ దీనిపై తీర్మానం చేసింది. మరుసటి ఏడాది ఢిల్లీలో మన దేశపు ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ తొలి సదస్సులోనూ ఇది చర్చకు వచ్చింది. జిద్దా తీర్మానం ప్రకారం, మొదట్లో తీసుకున్న మొత్తాన్ని అద్దెలో భాగంగా పరిగణించవచ్చు. గడువు మిగిలి ఉండగా ఖాళీ చేయించాలంటే యజమాని అద్దెదారుకు ప్రతిఫలం చెల్లించవచ్చు. గడువు ముగిసిన తర్వాత మాత్రం ఖాళీ చేయడానికి సొమ్ము అడిగే హక్కు అద్దెదారుకు లేదు. చట్టమే గడువును అంతులేకుండా సాగదీసిన చోట ఈ కొలబద్దను ఎలా వర్తింపజేయాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. పగ్డీ చెల్లించి వచ్చినవారినీ, ఏమీ చెల్లించకుండా ఉండిపోయినవారినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని నాకనిపిస్తుంది. చెల్లించినవాని వద్ద ఉన్నది యజమాని అమ్మిన హక్కు. చెల్లించనివాని వద్ద ఉన్నది అవసరం. మొదటిది తిరిగి కొనుక్కోవలసినది. రెండవది సమాజం ఆదుకోవలసినది.

వాదాల్లో ఎవరూ స్త్రీలను అడగరు. చాల్ వరండాలో ఒక తల్లి కూరకు వెళ్తే ఎదురు గది ఆమె పిల్లవాణ్ని చూస్తుంది. కాన్పు అయినా, జనాజా లేచినా ఆ వరండాయే చావడి. అదే వరండా చివర, రాత్రిపూట ఆడపిల్ల మరుగుదొడ్డికి ఒంటరిగా వెళ్ళలేని స్థితి కూడా ఉంది. వరండా అందాన్ని పొగిడే రచయితలు ఈ రెండో మాట రాయరు. ముప్పైయో అంతస్తులో సొంత మరుగుదొడ్డి దొరికిన స్త్రీ దువా చేస్తుంది, చేయాలి కూడా. లిఫ్టు, నీటి పంపు, కాపలా ఖర్చులు పాత అద్దెకు ఎన్నో రెట్లయి, మూడేళ్లకు ఆ ఇల్లు అమ్ముకొని దూరపు శివారుకు పోవలసి వస్తే ఆ దువా ఏమవుతుంది? ఖర్చు భరించలేని ఇల్లు ఇవ్వడం కూడా ఖాళీ చేయించడమే, కాస్త నెమ్మదిగా. ఇల్లు కట్టినవారే నిర్వహణకు ఒక నిధి ఏర్పాటు చేసి దాని లెక్క అందరికీ చూపాలి.

ముంబయిలోనే వర్లీ బీడీడీ చాల్‌లలో, మన తెలంగాణ జిల్లాల నుంచి మిల్లు పనికి వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు కూడా తరాలుగా నివసించాయి. 1920లలో కట్టిన 160 చదరపు అడుగుల గదులవి. వాటి స్థానంలో 500 చదరపు అడుగుల ఇళ్లు ఉచితంగా ఇస్తున్నారు. 2025 ఆగస్టులో మొదటి 556 ఇళ్ల తాళాలు అందజేశారు. అక్కడ యజమాని ప్రభుత్వమే కనుక ఆ లెక్క వేరు.

పడగొట్టకుండా, ఖాళీ చేయించకుండా బాగుచేయడం సాధ్యమేనా అని అడుగుతారు. కైరోలోని దర్బుల్ అహ్మర్ పేటను చూడండి. సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ కాలపు ప్రాకారాన్ని ఆనుకొని పేదల ఇళ్లున్నాయి. పక్కన శతాబ్దాల చెత్త దిబ్బ. ఆగా ఖాన్ ట్రస్టు ఆ దిబ్బను ఉద్యానవనంగా మార్చి 2005లో తెరిచింది. ప్రాకారాన్ని వెలికితీసి బాగుచేసింది. గోడ అందంగా కనిపించాలని ఇళ్లను తొలగించలేదు. ఆ ఇళ్లనూ బాగుచేసి నివాసులనే ఉంచారు, చిన్న రుణాలిచ్చారు, పేట యువకులకు వడ్రంగం, రాతిపని నేర్పి ఆ పనిలోనే పెట్టారు. అన్ని భవనాలకూ ఇది కుదరదు. పునాది కుంగిన భవనానికి సున్నం పూత మందు కాదు. కానీ కుదురుతుందో లేదో తేల్చే ఇంజనీరు, ఆ స్థలం మీద ఆశపెట్టుకున్న బిల్డరు నియమించినవాడు కాకూడదు.

మన హైదరాబాదు పాతబస్తీ సంగతి కొంచెం చెప్పాలి. ఉమరాల దేవిడీలు 1949లో జాగీర్లు రద్దయిన తర్వాత ఆదాయం లేక, వారసుల మధ్య ముక్కలై, గదుల వారీగా కిరాయికి పోయాయి. ఒకనాటి దివాన్‌ఖానాలో నేడు నాలుగు పొయ్యిలు. ఇంటికి యాభై మంది వారసులు. సగం మంది అమెరికాలో, గల్ఫ్‌లో. కప్పు కారుతోందని కిరాయిదారు అడిగితే ‘నాదొక్కడిదే కాదు కదా’ అన్నది ప్రతి వారసుని జవాబు.

దీనికీ ‘హిదాయా’లో జవాబుంది. ఐదుగురికి చెందిన గోడ వంగితే, వారిలో ఒక్కనినే హెచ్చరించితే, అది పడి మనిషి మరణించితే, ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో ఆ ఒక్కడు ఐదో వంతు రక్తపరిహారానికి బాధ్యుడు. గోడను ఒంటరిగా కూల్చే అధికారం అతనికి లేదు నిజమే. తన వాటా బాగుచేయించుకునే దారి మాత్రం అతనికి ఉంది: ఖాజీ వద్దకు వెళ్ళి తక్కిన నలుగురినీ పిలిపించడం. ఆ దారి నేటికీ ఉంది. దానికి విమానం టిక్కెట్టు కూడా అక్కరలేదు, ఒక వకాల్‌నామా చాలు.