లావు వేఱు, బలము వేఱు

మా పాఠశాలలో జరిగిన కథల పోటీకై విద్యార్థులు కంప్యూటరుపై నొక ప్రకటనపత్రమును సిద్ధము చేసిరి. శీర్షిక దూరమునకు గూడ గనబడవలెనని సన్నని యక్షరములనే యంత్రముచే లావు చేయించిరి. గోడ కంటించి చూడగా, ‘థ’లోని చుక్క చుట్టునున్న గీతలో గలిసిపోయి, అది థకారమో ధకారమో తెలియకపోయెను. తప్పు పిల్లలది కాదు. అక్షరమును బలియజేసిన చాలునను మన యందఱి భ్రమది.

శీర్షికలకై యక్షరములు గీయువారి పని యంత సులభము కాదు. గీత లావైనకొలది అక్షరము లోపలి ఖాళీ తఱుగును. మన లిపియందు గుండ్రములు మెండు. పైన తలకట్టు, క్రింద వత్తులు. కావున లావు రూపమునందు గుండ్రమును గొంత వెడల్పు చేయవలెను. వత్తుల గీతను దల్లి యక్షరపు గీతకంటె సన్నగింపవలెను. గీతలు కలియు మూలలను గొంచెము తొలువవలెను. కొలతకు సమానమైనను, అడ్డగీత నిలువుగీతకంటె లావుగా గంటికి దోచును. దానిని గూడ సవరింపవలెను.

నేడు రూపకర్తలు సాధారణముగా మిక్కిలి సన్నని రూపమును, మిక్కిలి లావైన రూపమును దామే గీసి, నడిమి రూపములను కంప్యూటరుచే లెక్కగట్టింతురు. రెండు రూపములందును బిందువులు ఒకే సంఖ్యలో, ఒకే వరుసలో నుండినగాని యీ లెక్క కుదరదు. కుదిరిన పిమ్మటను బ్రతి యక్షరమును గంటితో బరీక్షింపవలసినదే.

ముంబయిలోని ఏక్ టైప్ సంస్థవారి ‘బాలూ తమ్ముడు’ దీనికి నిదర్శనము. మొదట లావైన యొకే రూపముతో వెలువడిన యీ శీర్షికాక్షరములు, తరువాత ‘బాలూ తమ్ముడు 2’ అను పేర నైదు లావులతో వచ్చినవి. వీనిని వెల లేకుండ నెవరైనను వాడుకొనవచ్చును. ఇట్టి యక్షరకుటుంబములు తెలుగునకు మఱికొన్ని కావలెను.

విషయము ముఖ్యము గాని యక్షరపు సొంపేల యని కొందఱందురు. చదువ వీలుపడని యక్షరము విషయమును మోయజాలదు. పిల్లలు పుస్తకములందే గాక గోడలపైనను అక్షరములు నేర్చుచున్నారు; అచ్చట చెడిన రూపము వారి చేతివ్రాతలోనికి వచ్చును.

కావున నుపాధ్యాయులకు నాదొక మనవి. చిత్రలేఖనపు గంటలో పూలు, పండ్లతోపాటు ‘థ’ యను నొక్క యక్షరమును మూడు లావులలో గీయింపుడు. చుక్క చుట్టును దెల్లని చోటు మూడింటను నిలిచెనేని, ఆ బాలుడు లావునకును బలమునకును గల భేదమును దెలిసికొన్నట్లే.