కదలని ఆకుపచ్చ గడులు

ఇంట్లో పాత కంప్యూటర్ ఉందంటే మగవాళ్ళు రెండే దారులు చెప్తారు. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం అనేది ఒకటి. కాస్త తెలిసినవాళ్ళయితే ఫార్మాట్ కొట్టించేద్దాం అంటారు. రెండూ నాకు నచ్చవు. బీరువా సర్దడం చేతకాక బీరువానే తగలబెట్టినట్టుంటుంది నాకది. కంప్యూటర్ నెమ్మదించిందంటే చాలాసార్లు దాన్ని ఎవరూ సర్దలేదని అర్థం. సర్దే పని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా!

మా ఇంట్లో ఉన్నది మావయ్యగారు 2005లో కొన్నది. విండోస్ ఎక్స్‌పీ, 512 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్ డిస్క్. ఇప్పటి పిల్లలు ఈ అంకెలు వింటే నవ్వుతారు, మా చిన్నాడు నవ్వాడు కూడా. మావయ్యగారు ఈ సీతంపేట చుట్టూ కొండ ఊళ్ళలో మేస్టారుగా పనిచేసినన్నాళ్ళూ సవరవాళ్ళ పాటలు, సామెతలు, చెట్ల పేర్లు, పండగల్లో చెప్పుకునే కథలు నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే టీ తాగి కూర్చుని అన్నీ తెలుగు లిపిలో టైపు చేశారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారని మనకు బీఏలో చెప్పారు. మావయ్యగారు అంత పెద్ద పని చేశానని ఎప్పుడూ అనుకోలేదు. "మన చెవిన పడింది మనతో పోకూడదమ్మా" అనేవారంతే. నోటుపుస్తకాల్లో సగం చెదలు తినేశాయి. మిగిలింది ఈ డబ్బాలోనే.

పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని డబ్బా పారేయొచ్చు కదా అంటారు. ఎక్కించాను, ఒకటికి రెండు చోట్ల పెట్టాను. చిక్కేమిటంటే ఆయన టైపు చేసింది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగక్షరం ఒక్కటి కనబడదు, అన్నీ పిచ్చి గుర్తులే. ఆ ప్రోగ్రాముల సీడీలు ఎప్పుడో పోయాయి. ఫార్మాట్ కొడితే కాగితాలు మిగులుతాయి, చదివే కళ్ళు పోతాయి. అందుకని అవన్నీ యూనికోడ్‌లోకి మార్చుకునేవరకూ ఈ ముసలి యంత్రం నడవాలి. దాన్నేమో ఆన్ చేస్తే అన్నం వండి, చారు పెట్టి, పోపు వేసి వచ్చేసరికి గాని తెర రావడం లేదు.

డిస్క్ డీఫ్రాగ్మెంటర్ అనే పనిముట్టు ఎక్స్‌పీలోనే ఉంది. మై కంప్యూటర్‌లో సీ డ్రైవ్ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్, టూల్స్‌లోకి వెళ్తే దొరుకుతుంది. అది చేసే పని మన ఆడవాళ్ళకు చెప్పడం తేలిక. సంత రోజు పాలకొండ నుంచి వచ్చే బస్సు ఊహించుకోండి. ఒకే ఇంటివాళ్ళు ఐదుగురు ఎక్కారు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూలబడ్డారు. తల్లి ముందు, పిల్ల వెనక, మూట ఇంకెక్కడో. దిగేటప్పుడు అందరినీ కూడగట్టడానికి ఎంత సేపు! హార్డ్ డిస్క్‌లో ఫైళ్ళు కూడా అంతే, చోటు దొరికినచోట ముక్కలుగా కూర్చుంటాయి. లోపల తిరిగే పళ్ళెం మీద సూది అటూ ఇటూ పరిగెత్తి ఆ ముక్కలన్నీ ఏరుకోవాలి. డీఫ్రాగ్ అంటే కండక్టరు లేచి ఒక్కో ఇంటివాళ్ళనూ పక్కపక్కన కూర్చోబెట్టడం.

అనలైజ్ నొక్కితే రంగుల పట్టీ ఒకటి వస్తుంది. నీలం అంటే కుదురుగా ఉన్న ఫైళ్ళు, ఎరుపు అంటే ముక్కలైనవి, తెలుపు ఖాళీ. వాటి మధ్య ఆకుపచ్చ గీతలు కనిపిస్తాయి. కదల్చలేని ఫైళ్ళు అని వాటి పేరు. మా అత్తయ్య నా భుజం మీదుగా చూసి "ఏటమ్మా, ఆ పచ్చగున్నది బాగున్నట్టే కదా?" అంది. పచ్చగా ఉంటే బాగున్నట్టే అని ఎవరికైనా అనిపిస్తుంది మరి. ఆ రంగు ఎంచినవాడు ఎవడో గాని సంసారం తెలిసినవాడు కాడు.

ఈ పచ్చగీతలు అడ్డంగా ఉంటే మిగతా ఫైళ్ళు సర్దుకోలేవని, వాటిని కూడా బలవంతంగా కదిపే సాఫ్ట్‌వేర్లు కొనమని సలహాలు చెప్పేవాళ్ళు బోలెడుమంది. నేనొప్పుకోను. కదలనిది కనబడగానే పలుగు తెచ్చుకోవడం కంటే అదెవరో ముందు కనుక్కోవాలి. వ్యాకరణంలో అవ్యయాలు ఉంటాయి. లింగం మారినా, వచనం మారినా, విభక్తి మారినా అవి మారవు. మారలేదని వాటిని భాషలోంచి ఎవరైనా తీసేశారా? ఇక్కడ కూడా ఆ పచ్చవాటిలో ఏది డ్రైవరు సీటు, ఏది ఎవరో వదిలేసిన మూట అన్నది తేల్చుకుంటే సగం పని అయిపోతుంది.

డ్రైవరు సీటు అంటే ఎమ్మెఫ్‌టీ. ఏ ఫైలు ఎక్కడుందో రాసిపెట్టే చిట్టాపుస్తకం అది. విండోస్ దాని కోసం డిస్కులో ఎనిమిదో వంతు దాకా చోటు అట్టేపెడుతుంది కూడా. దాని జోలికి పోకూడదు, పోనక్కర్లేదు. పెరట్లో పాతిన రోలు చుట్టూ ఊడుస్తాం గాని రోలు పెకలించి ఊడవం కదా.

వదిలేసిన మూట అంటే హైబర్నేషన్ ఫైలు. కంప్యూటర్ నిద్రపోయేముందు ర్యామ్‌లో ఉన్నదంతా రాసుకోవడానికి ర్యామ్ ఎంతుంటే అంత చోటు ముందే కబ్జా చేసి కూర్చుంటుంది. మాది బల్ల మీద కంప్యూటరు, దాన్ని అలా నిద్రపుచ్చే అవసరమే మాకు లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి హైబర్నేట్ అన్నచోట టిక్ తీసేస్తే ఆ ఫైలే మాయమవుతుంది. ఒక పచ్చగీత పోయింది, 512 ఎంబీ తిరిగొచ్చింది. పైసా ఖర్చు లేదు.

పేజ్ ఫైలు సంగతి వేరు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే అదనపు గది అది. విండోస్ నడుస్తున్నంతసేపూ అది వాడుకలో ఉంటుంది, అందుకే కదలదు. వంట మధ్యలో పొయ్యి జరపలేం కదా, అలాగ. దానికి మూడంచెల పని ఉంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, మళ్ళీ అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ. అక్కడ నో పేజింగ్ ఫైల్ అని పెట్టి సెట్ నొక్కి, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేయాలి. అప్పుడు డీఫ్రాగ్ చేయాలి. అది అయ్యాక మళ్ళీ అక్కడికే వెళ్ళి కస్టమ్ సైజ్‌లో మొదటి గడి, రెండో గడి రెండింట్లోనూ ఒకే అంకె ఇవ్వాలి. మా 512కి ఒకటిన్నర రెట్లు, అంటే 768 ఇచ్చాను. రెండంకెలూ ఒకటే అయితే అది పెరుగుతూ తరుగుతూ మళ్ళీ ముక్కలవదు. ఈ మధ్యలో మాత్రం ఇంకో ప్రోగ్రాం ఏదీ తెరవకండి, ర్యామ్ చాలక గొడవ చేస్తుంది.

సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అని ఇంకో ఫోల్డరుంది. తెరవబోతే అనుమతి లేదు పొమ్మంటుంది. ఏదైనా తేడా వస్తే వెనక్కి పోవడానికి దాచుకునే రిస్టోర్ పాయింట్లు అందులో ఉంటాయి. ఎక్స్‌పీ మామూలుగా డిస్కులో 12 శాతం దాకా దీనికి ఇచ్చేస్తుంది. మాలాంటి 40 జీబీ డిస్కులో అది నాలుగు జీబీ పైచిలుకు! తర్వాత వచ్చిన విస్టా, సెవెన్‌లలో అయితే ఆ దాచుకున్నవి డీఫ్రాగ్‌కి కదలవు కూడా. డిస్క్ క్లీనప్‌లో మోర్ ఆప్షన్స్‌కి వెళ్తే ఆఖరిది ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేసే బటనుంది. అసలు ఎక్స్‌పీ డీఫ్రాగ్‌కి డిస్కులో 15 శాతం ఖాళీ ఉండాలి. లేకపోతే అది సరిగ్గా పని చేయలేదు. ఇరుకు గదిలో మంచం జరపాలంటే ముందు కాస్త నేల కనబడాలి మరి.

మా డీ డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంది, అమ్మినవాళ్ళు అలా చేసిచ్చారు. ఆ పద్ధతిలో ఫోల్డరు మొదటి ముక్క ఎక్కడ పుట్టిందో అక్కడే ఉంటుంది, కదపడానికి విండోస్ ఒప్పుకోదు. మావయ్యగారు పాటకొక ఫోల్డరు, ఊరికొక ఫోల్డరు పెట్టుకున్నారు. అవన్నీ డిస్కంతా మేకులు కొట్టినట్టు దిగబడి ఉన్నాయి. దీనికి మంత్రం లేదు. ఫోల్డర్లు బయటికి కాపీ చేసి, ఒక్కొక్కటీ తెరిచి సరిగ్గా వచ్చాయో లేదో చూసుకుని, ఇక్కడివి తీసేసి, డీఫ్రాగ్ చేసి, మళ్ళీ లోపల పెట్టాను. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చే కన్వర్ట్ ఆదేశం ఎక్స్‌పీలోనే ఉంది గాని, అంత పాత డిస్కు మీద ఆ ప్రయోగం నాకు ఇష్టం లేకపోయింది.

ఇక కరెంటు. మా కొండల్లో మబ్బు పడితే చాలు కరెంటు పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని ఊళ్ళు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో ఇటువైపు ఎవరూ మర్చిపోరు. (అప్పుడు మాది శ్రీకాకుళం జిల్లాయే. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం.) ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో డీఫ్రాగ్ మధ్యలో కరెంటు పోయినా మామూలుగా ఫైలు పోదు. కొత్తచోట రాసుకున్నాకే పాతచోటు వదులుతుంది. అయినా యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో చూసుకుని, వాన లేని రాత్రి మొదలుపెట్టండి. ముందుగా చెక్ డిస్క్ నడపండి. డిస్కు లోపల టిక్కుటిక్కుమని చప్పుడొస్తుంటే డీఫ్రాగ్ మాటే ఎత్తకండి, ఉన్నవి బయటికి తీసుకోవడమొక్కటే పని. ఆయాసంతో ఉన్న మనిషిని ఆడలి కొండెక్కమంటామా? కొత్త లాప్‌టాప్‌లలో ఉండే ఎస్ఎస్‌డీకి సూదీ లేదు, పరుగూ లేదు. దానికి ఈ సర్దుడు అక్కర్లేదు, ఊరికే అరుగుతుంది.

ఇంకో మాట. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ రక్షణ 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. అందుకని మా యంత్రానికి ఇంటర్నెట్ తీగ పీకేశాను. దానికి బయటి ప్రపంచంతో పని లేదు.

ఇంత చేసి ఏం సాధించావని మావారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆన్ చేశాక చారు కాగేలోపు తెర వస్తోంది. పచ్చగీతలు రెండో మూడో ఇంకా ఉన్నాయి, ఉండనీ. నాకు తెలిసినంతలో ఎక్కువ మేలు చేసింది వాటిని జరపడం కాదు, పనికిరానివి తీసేసి చోటు చేయడం. బలవంతపు సాఫ్ట్‌వేర్ల ప్రకటనల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు, చెప్తే వాళ్ళ సరుకు ఎవరు కొంటారు?

మన ఇళ్ళలో మిక్సీ బుష్ మార్చేది మనమే, గ్యాస్ రెగ్యులేటర్ బిగించేది మనమే. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి "నువ్వు ముట్టుకోకు" అంటారు. మనమూ సరే అనుకుంటాం. బీఏ తెలుగు చదివిన నాకు ఇందులో అర్థం కానిదేమీ కనబడలేదు. తెరమీద ఇంగ్లీషు మాటలు ఓ ఇరవై ఉంటాయేమో, కాగితం మీద తెలుగులో రాసుకుని పక్కన పెట్టుకున్నాను. మా చిన్నాడు ఆ కాగితం చూసి ఈసారి నవ్వలేదు, ఫోటో తీసుకున్నాడు.

మావయ్యగారి ఫోల్డర్లలో చెట్ల పేర్లవి రెండు అయ్యాయి. కథలవి పెద్దవి, వాటికి ఈ ఎండాకాలం పడుతుంది. అత్తయ్య పక్కన కూర్చుని సవర మాటలకు పలుకుబడి సరిచేస్తోంది. ఆయన రాసిన ఒక మాట తప్పని నిన్నటి నుంచి ఆవిడ వాదన. సంతకొచ్చే సవర ముసలమ్మను అడిగి తేల్చుకోవాలి.