తాడు కట్టిన బుట్ట

మా ఇంటి మెట్లు ఇరవై రెండు. బేగంబజారులో పాత ఇళ్ల సంగతి తెలిసినవారికి ఆ మెట్లెలా వుంటాయో చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతాను. కింద దుకాణం, పైన సంసారం. రెంటికీ నడుమ, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గవలసినంత ఇరుకు దారి. ఒక్కొక్క మెట్టు దాదాపు అడుగు ఎత్తు. పట్టుకోవడానికి గోడవార ఒక తాడు. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం ఈ స్థలాన్ని వర్తకులకిచ్చిందనీ, అందువల్లనే ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. ఆ తల్లి స్థలమైతే ఇచ్చింది. వర్తకులు సరుకు దించుకోవడానికి వసతి చూసుకున్నారు గాని, మోకాళ్ల సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

మా నాయనకు ఎనభై రెండేళ్లు. కిందటేడు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు, ఎముక అతుక్కుంది. వాకరు పట్టుకుని గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి గదిలోకి నడుస్తాడు. మెట్లు మాత్రం దిగలేడు. ఆ తరువాత ఆరు నెలల్లో రెండుసార్లు కిందికి వెళ్లాడు. రెండుసార్లూ కుర్చీలో, నలుగురు మోస్తూండగా, ఆసుపత్రికి. రెండోసారి పైకి చేర్చాక, "ఇగ మూడోసారి గూడ నలుగురే మోస్తరు. కుర్చీ వుండది, అంతే తేడా" అన్నాడు. మేమెవ్వరం నవ్వలేదు.

ఈయన ఈ బజారులోనే యాభై ఏళ్లకు పైగా కిరాణా టోకు దుకాణాల్లో లెక్కలు రాసిన మనిషి. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చినప్పుడు పద్నాలుగేళ్ల పిల్లవాడుగా పనికి కుదిరాడు. అణాల్లో అడిగినవారికి నయాపైసల్లో ధర చెప్పడం ఆయన మొదటి ఉద్యోగం. అణాకు ఆరుంబావు చొప్పున నోటితోనే కట్టి చెప్పేవాడట. తరువాత సేర్లు, మణుగులు పోయి కిలోలు వచ్చాయి. ఆ లెక్కలూ నోటితోనే. బజారంతా ఆయనను మునీమ్‌జీ అనేది.

అటువంటి మనిషికి పొద్దు పుచ్చడమెలాగా అని నేను బయలుదేరాను. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ని గదా, ఏదైనా చదివి తెలుసుకుని చేస్తాననే ధైర్యం. గదిలో టీవీ పెట్టించాను. ఫోనులో ఆటలు వేసి ఇచ్చాను. చార్మినారు బొమ్మను ముక్కలు చేసి మళ్లీ అతికించే ఆట ఒకటి తెచ్చాను. ఆఖరికి, పెద్దవాళ్ల కోసమే అచ్చువేశారని ఎవరో చెబితే, రంగులు నింపుకునే బొమ్మల పుస్తకం కూడా తెచ్చాను.

"ఏందిరా ఇది? పిల్లలదా?"

"కాదు నాయనా, పెద్దలకేనట."

మూడు రోజుల తరువాత ఆ పుస్తకం తీసి చూశాను. ఒక్క ఆకుకూ రంగు పడలేదు. మొదటి పేజీ అంచున పెన్సిలుతో ఒక భాగహారం వుంది: వెల రెండు వందల యాభై, పేజీలు నలభై ఎనిమిది. "పేజీకి అయిదు రూపాయల ఇరవై పైసలు పడ్డది. ఎవడమ్మిండురా నీకు?" అన్నాడు.

ఇది నేను నవ్వుతూనే రాస్తున్నాను. ఆ రోజుల్లో నవ్వు రాలేదు. నాయన అన్నం తగ్గించాడు. పగలంతా కునుకు, రాత్రంతా మెలకువ. ఒకనాడు మా ఆవిడ మంచినీళ్లివ్వబోతే, "నేను జమల లేనమ్మా, ఖర్చులనే వున్న" అన్నాడట. పొద్దున కాలేజీకి వెళ్లబోతున్న నన్ను ఆపి ఆమె ఈ మాట చెప్పింది. ఆ రోజు నేనేం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు.

మనం "కాలక్షేపం" అని తేలికగా అనేస్తాం. క్షేపమంటే విసరడం. కాలాన్ని విసిరివెయ్యడమన్న మాట! పాతికేళ్లవాడు విసిరేస్తే ఇంకా చేతిలో చాలా మిగులుతుంది. ఎనభై రెండేళ్ల మనిషి చేతికి విసిరెయ్యడానికి సాధనాలు అందిస్తూ, అదంతా సేవ అనుకున్నాను నేను.

మా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే మిత్రుడొకరు ఆ మధ్య నాకొక ప్రయోగం సంగతి చెప్పారు. 1976లో అచ్చయింది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక వృద్ధాశ్రమంలో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు పరిశోధకులు చేశారు. ఒక అంతస్తులోని పెద్దలకు మొక్కలిచ్చి, మీకు నచ్చినది తీసుకోండి, నీళ్లు పోసే పూచీ మీదే అన్నారు. మరో అంతస్తువారికీ మొక్కలిచ్చారు గాని, మీకెందుకు శ్రమ, నర్సులు చూసుకుంటారు అన్నారు. మూడు వారాలు గడిచేసరికి మొదటివారిలో హుషారు పెరిగింది. నలుగురితో కలిసి తిరగడం పెరిగింది. రెండోవారిలో ఎక్కువమంది మునుపటికన్నా నీరసించారు. వాళ్లనూ ఎవరూ హింసించలేదు సుమండీ! ప్రేమగానే చూశారు. నేను మా నాయనను చూసినట్టుగా.

ఇంతా విని నేను చేయబోయిన పని చెబితే మీరు నన్ను క్షమించరు. పాత చీటీలు కొన్ని సంపాదించి, "నాయనా, ఇవి కూడి పెట్టు" అని ఇద్దామనుకున్నాను. మా ఆవిడ గట్టిగా అడ్డుపడింది. "ఆయనకు తేదీలు కనపడవనుకుంటున్నారా?" అంది. ఉత్తుత్తి పని పెట్టడం రంగుల పుస్తకం కంటే అన్యాయమని ఆమె ఉద్దేశం. నిజమే.

అసలు పని దానంతటదే వచ్చింది. మా అమ్మ వున్న రోజుల్లో వసారాలోంచి వెదురుబుట్టకు తాడు కట్టి దించి కూరగాయలు కొనేది. ఆమె పోయాక ఆ బుట్ట మేకుకు వేలాడుతూ వుండిపోయింది. ఒకనాటి పొద్దున కింద కొత్తిమీర బండి కేక వినిపించింది. పొయ్యిమీద పప్పు పొంగుతోంది. నేను ఇంట్లో లేను. మా ఆవిడ వంటింట్లోంచే, "మామయ్యా, జర ఆ బుట్ట దించుతరా?" అని కేకేసింది. ఆమెకు ఏ ప్రయోగమూ మనసులో లేదు. కొత్తిమీర కావాలి, అంతే.

నాయన బుట్ట దించాడు. దించి, ధర అడిగాడు. ధర విని మండిపడ్డాడు. కింద బండివాడు, పైన ఈయన. మధ్యలో గాలిలో వూగుతున్న బుట్ట. పది నిమిషాలు బేరం సాగిందట. ఆరు నెలల తరువాత ఇంట్లో ఆయన గొంతు అంత పెద్దగా వినబడటం అదే మొదలు.

మర్నాటి నుంచి కూరగాయల బాధ్యత ఆయనదైంది. వ్యాయామం చేయించడానికి వచ్చే అబ్బాయి అంతకుముందు "చేతులెత్తండి తాతా" అంటే ఎత్తేవాడు కాడు. ఈ బుట్ట వ్యవహారం చూసి ఆ అబ్బాయి సంతోషించి, కొన్ని మార్పులు చెప్పాడు. తాడును వట్టి చేతులతో లాగకుండా పైన గిలక బిగించాము. కుర్చీ కదలకుండా గోడకు ఆనించాము. కటకటాలు ఛాతీ ఎత్తు దాకా పెంచాము, వంగి చూడబుద్ధయినా ప్రమాదం లేకుండా. బుట్టలో కిలోకు మించి బరువు వెయ్యకూడదు. మీ ఇంట్లో ఇటువంటిది పెట్టదలిస్తే ముందు వైద్యుణ్ని అడిగి పెట్టండి. భుజాలూ వెన్నూ అందరివీ ఒక్క తీరుగా వుండవు.

కింద మసాలా దినుసుల దుకాణం సేఠ్‌గారు నాలుగు రోజులు ఈ బేరాలు విన్నారు. అయిదోనాడు బుట్టలో నాలుగు చీటీలు పెట్టి, "మునీమ్‌జీ, జర హిసాబ్ చూడుండ్రి" అని కేకేశారు. నాకు అనుమానం వచ్చింది. సాయంత్రం కిందికి వెళ్లి, కంప్యూటరుండగా మా నాయనతో ఏం పని అని అడిగేశాను. దయ చూపిస్తున్నారేమోనని నా బాధ. సేఠ్‌గారు నవ్వి, "మిషన్ కొట్టినదాన్ని కూడుతది సార్. కొట్టినోడు తప్పు కొడితే దానికేం ఎరుక? జీలకర్ర ధర ధనియాలకు వేసిండు మావోడు. మునీమ్‌జీ చూడంగనే పట్టిండు" అన్నారు.

అలా రెండు నెలలు బాగానే గడిచింది. ఒక రాత్రి రెండు గంటలకు నాయన నన్ను లేపాడు. "నాలుగో చీటీ తప్పు పోయింది. తొమ్మిది వందలు తక్కువ పడ్డది." చీకట్లో పడుకుని, పగలు చూసిన చీటీలన్నీ మళ్లీ మనసులో కూడుతున్నాడన్న మాట. తెల్లారాక చెబుదాం పడుకో అన్నాను. పడుకోలేదు. దుకాణం తెరిచే దాకా వసారాలో కుర్చీలో కూచున్నాడు. సేఠ్‌గారు తాళం తీయగానే పైనుంచి తప్పు చెప్పేసి, "ఇగ నాకు పంపకుండ్రి సేఠ్. నా లెక్క చెడిపోయింది" అన్నాడు.

నేను తలుపు వెనక నిలబడి వున్నాను. ఆ క్షణాన సేఠ్‌గారు "అయ్యో, పర్వాలేదు, మీరు పెద్దవారు" అని ఓదార్చి వుంటే కథ అక్కడితో ముగిసేది. ఆయన అలా అనలేదు. నిన్నటి చీటీ తీసి చూశారు. "అవు, తొమ్మిది వందలే. ఆ గిరాకీ ఇయ్యాల వస్తడు, వసూలు చేస్త" అన్నారు. తరువాత, "బుట్ట దించుండ్రి, ఇయ్యాల ఏడు చీటీలున్నయి" అన్నారు. నాయన కాసేపు వూరుకున్నాడు. తరువాత గిలక కిరకిరమంది. ఆ రోజు నుంచి ప్రతి చీటీనీ రెండుసార్లు, ఒకసారి పైనుంచి, ఒకసారి కిందినుంచి కూడుతున్నాడు.

నెలాఖరున సేఠ్‌గారు పావుకిలో జీడిపప్పు పొట్లం బుట్టలో వేశారు. నాయన దాని ధర అడిగి, తన నోటు పుస్తకంలో జమ వైపు రాసుకున్నాడు.

అందరిళ్ల కిందా మసాలా దుకాణం వుండదు, ఒప్పుకుంటాను. కాని ప్రతి ఇంట్లోనూ కూచుని చేయదగిన, నిజంగా అవసరమైన పనులు వుంటాయి. మనమే త్వరగా తెములుతుందని లాగేసుకుంటాం. మా ఎదురింటి అవ్వకు చూపు ఆనదు. చింతపండు గింజ తీయడం, దీపాలకు వత్తులు చేయడం ఆమె వేళ్లకు కళ్లక్కరలేకుండా వచ్చు; ఆ వాడకట్టులో సగం ఇళ్ల దీపాలకు వత్తులు ఆమెవే. పెళ్లిపిలుపుల జాబితా తయారు చేయాలంటే ఎవరికి ఏ వరసో తెలిసినవారు మంచంలో వున్న తాతగారే. చేతులు వణికేవారు పిల్లల చేత ఎక్కాలు, పద్యాలు అప్పచెప్పించుకోవచ్చు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు చూపు పోయాక కూడా ఇతరుల చేత రాయిస్తూ తమ స్వీయచరిత్ర పూర్తిచేశారు. మన ఇళ్లలో అంతటి గ్రంథాలు రాకపోవచ్చు. అమ్మమ్మ వూరగాయ కొలతలైనా ఫోనులో ఆమె గొంతుతో పట్టిపెట్టండి. పుస్తకాలు వినాలనే సరదా వుంటే, మాకు దగ్గరలోనే సుల్తాన్‌బజారులో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వుంది. మీ వూళ్లోనూ ఏదో గ్రంథాలయం వుండకపోదు.

ఒక జాగ్రత్త. పని దొరికింది గదా అని గంటల తరబడి కుర్చీకి అతుక్కుపోనివ్వకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో, అరవై అయిదు దాటినవారు వారానికి మూడు రోజులకు తగ్గకుండా కండబలానికి, పడిపోకుండా నిలదొక్కుకోవడానికి తగిన వ్యాయామాలు చేయాలని వుంది. అంతా చేయలేనివారు చేయగలిగినంత చేసినా అసలు చేయకపోవడం కంటే మేలనీ వుంది. నాయన ప్రతి చీటీకీ మధ్య పాదాలు పైకీ కిందికీ ఆడిస్తాడు. అరగంటకొకసారి వాకరు పట్టుకుని లేచి నిలబడతాడు. ఆ సమయంలో మా అమ్మాయి పక్కన వుండాలి. అది దాని పని.

నిన్న కాలేజీ నుంచి వచ్చేసరికి నాయన తాడు చివర చేతిలో పట్టుకుని చూపించాడు. గిలక దగ్గర పురి విడిపోతోంది. "రేపు ఉస్మాన్‌గంజ్ పోయి కొత్తది తీస్కరా. ఇరవై అడుగులు చాలు. నీకు బేరం రాదు గాని, రెండు దుకాణాలల్ల ధర అడిగి, నాకు ఫోన్ జేసి కొను" అన్నాడు.