గోడలోపలికి వచ్చిన గాలిగొట్టం

ఆరంబాక్కం పాత ఇళ్ల తీరు మనవారికి తెలియనిది కాదు. మొదట పెరటి చివర మరుగుదొడ్డి, పక్కన సెప్టిక్ ట్యాంకు, గోడకు ఆనించి నిలువునా ఒక గాలిగొట్టం. తరువాత కోడళ్లు వస్తారు, మనుమలు పుడతారు, ఇల్లు వెనక్కి సాగుతుంది. అలా సాగగా సాగగా బయటి గొట్టం స్నానాలగది మూలలో తేలుతుంది. గొట్టం కదలలేదు, ఇల్లే దాని దగ్గరకు నడిచి వచ్చింది!

ఈ మధ్య మా వీధిలో ఒక పెద్దమ్మగారింట ఇదే చిక్కు వచ్చింది. ఆమెకు మోకాళ్లు వంగవు. కమోడు పెట్టించి, పట్టుకుని లేవడానికి గోడకు కమ్మీ బిగించాలని కొడుకు పూనుకున్నాడు. సరిగ్గా ఆ మూలలోనే గొట్టం. "దాన్ని కోసేసి మూత బిగిస్తే పోలేదా నాయనా?" అన్నది పెద్దమ్మ. అరగంట పనేనన్నాడు మేస్త్రి. మమ్మల్ని అడిగితే వద్దన్నాము.

ట్యాంకులో మలినం కుళ్లేటప్పుడు మీథేను పుడుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు కూడా పుడుతుంది. మొదటిది అంటుకునేది, రెండవది ప్రాణం తీసేది. అవి మిద్దెపైకి పోయే దారి ఆ గొట్టమే. దానికి ఇంకొక ఉద్యోగమున్నది. దొడ్డి కింది వంపులో రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి కంపును అడ్డుకుంటుంది. ఇటువంటి వంపుకు 1775లో పేటెంటు పొందినవాడు లండనులో గడియారాలు చేసుకునే అలెగ్జాండర్ కమ్మింగ్. నీళ్లు జోరుగా దిగినప్పుడు వెనుక గాలి కావాలి. గొట్టం నుంచి అందకపోతే వంపులోని నీటినే లాగేస్తుంది. గచ్చు జాలీలో గడగడమంటే అదే సూచన. ఈశాన్య రుతుపవనపు వానల్లో భూమిలో నీరు పొంగి, బీటలున్న ట్యాంకు నిండినప్పుడు వాయువు ఇంకా తోసుకొస్తుంది. పులికాటు పక్కన కాపురముంటున్న మనకిది వేరే చెప్పాలా?

కనుక ముందుగా గొట్టం ఏ పని చేస్తున్నదో తెలుసుకోవాలి. ఒకరు నీళ్లు పోస్తే ఒకరు గొట్టానికి చెవి ఆనించండి. లోపల నీరు దిగే శబ్దం వస్తే దానిని కదిలించడం పెద్ద పని. దానిని అక్కడే ఉంచి, సన్నని గోడకట్టి, డోర్‌బెండుకు ఎదురుగా చిన్న తలుపు పెట్టించండి. తలుపు లేకుండా టైల్సు పరచడం ఆఫీసులో అవసరమైన ఫైలును బీరువా వెనుక పడేసినట్టే. శబ్దమేమీ రాక, గాలి మాత్రమే పోయేదైతే జరపవచ్చు. పెద్దమ్మగారింటిది ఇదే. 45 డిగ్రీల బెండ్లు రెండు వేసి బయటి గోడకు తిప్పారు. వెడల్పు తగ్గించలేదు. లోపల చేరే చెమ్మ తిరిగి ట్యాంకులోకి జారేటట్టు ఏటవాలు ఉంచారు.

పాతది ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టమైతే మిషను పెట్టి కోయనీయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. బాగా తడిపి, అతుకు దగ్గర ఊడదీసి, మొత్తంగా బయటికి మోయించండి.

ట్యాంకు మూత తీసినపుడు అగ్గిపుల్ల, బీడీ దగ్గరకు రానీయరాదు. ఎంత తొందరైనా మనిషిని దింపరాదు. 2013 చట్టం దీనిని నిషేధించింది. హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. లోపల పడినవాణ్ణి తీయబోయిన రెండోవాడు కూడా పడిపోతాడు. కూలి రెట్టింపు ఇస్తామని ఆశపెట్టేవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, అది మాకు మింగుడుపడదు. లారీ పిలిచి పంపుతో తోడించండి.

ఇక మిద్దెపైన. గొట్టం 50 మిల్లీమీటర్లకు తక్కువ వెడల్పు ఉండరాదు. ఇంటిని ఆనుకున్న ట్యాంకైతే గొట్టం మిద్దెమీద రెండు మీటర్లు లేవాలి. కొసకు దోమజాలీ కట్టించి, వానలకు ముందు ఒకసారి ఎక్కి చూడండి. జాలీ చిరిగితే ట్యాంకులో దోమలు గుడ్లు పెడతాయి.