ఊరి పేరు సరే, వీరగల్లు మాటేమిటి?

2025 జూలై 2న నందిబెట్ట మీద జరిగిన రాష్ట్ర మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చడానికి ఆమోదం తెలిపింది. ‘పల్లి’ పోతే తెలుగు పోతుందని మనలో కొందరంటారు, పేరులో ఏముందని మరికొందరంటారు. ఆ వాదం ఇక్కడ వద్దు. బోర్డు మీది పేరు గురించి ఇంతగా పట్టించుకునే మనం, ఈ నేల కోసం చనిపోయినవారి రాళ్ళను ఎందుకు వదిలేశాం? మేము అడిగేది అదొక్కటే.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో చెరువు కట్టల మీద, గుడుల వెనుక, పొలం గట్లలో వీరగల్లులు, మాస్తికల్లులు కనిపిస్తాయి. పశువులను తోలుకుపోయే దండుతోనో, ఎల్లల తగాదాలోనో పోరాడి చనిపోయినవాడికి ఊరు నిలబెట్టిన రాయి వీరగల్లు. సాధారణంగా కింద పోరు, మధ్యలో వీరుణ్ణి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు ఉంటారు. సహగమనం చేసిన స్త్రీకి నిలిపింది మాస్తికల్లు. గాజులున్న ఎత్తిన చేయి దాని గుర్తు. చుట్టూ గోడ లేకపోయినా, మన పెద్దల శ్మశానాన్ని చూసినట్టే వీటినీ చూడాలి.

ఇప్పుడు వాటి గతి ఏమిటి? కింద నిధి ఉందని తవ్వేవారు కొందరు, ట్రాక్టరుకు అడ్డమని పక్కకు తోసేవారు కొందరు. భక్తితో ఆయిల్ పెయింట్ పూసి అక్షరాలు పూడ్చేవారూ ఉన్నారు. చట్టం ప్రకారం నిధి దొరికితే అధికారులకు తెలపాలి. అది తెలియక తవ్వేవారికన్నా, తెలిసి రాత్రిపూట తవ్వేవారే ఎక్కువ.

అసలు చిక్కు కాగితంలో ఉంది. బి.ఎల్. రైస్ 1905లో ప్రచురించిన ‘ఎపిగ్రాఫియా కర్నాటికా’ పదో సంపుటం పాత కోలారు జిల్లాది. మన జిల్లా 2007లో కోలారు నుంచి విడిపోయింది కాబట్టి మన మూడు తాలూకాల శాసనాలూ అందులోనే ఉన్నాయి. తాలూకావారీగా నంబరు, ఊరి పేరు, రాయి ఉన్న చోటు రాసిపెట్టారు. అక్షరాలు లేని బొమ్మరాళ్ళకు మాత్రం ఆ లెక్క లేదు. రేపు ఆ గోమాళం ఎవరికైనా మంజూరైనా, గుట్టను క్వారీకి ఇచ్చినా, ఇక్కడ రాయి ఉందని చెప్పడానికి ఆధారం ఉండదు. కాగితంలో లేనిది ఆఫీసులో లేనట్టే. ఏళ్ళ తరబడి పహణీలు చూసిన అనుభవంతో చెబుతున్నాం.

జనం పూనుకుంటే ఏమవుతుందో బెంగళూరు హెబ్బాళలో చూశాం. గంగరాజు శ్రీపురుషుని కాలంలో, ఇంచుమించు 750లో, పోరాడి చనిపోయిన కిట్టయ్య వీరగల్లుకు అక్కడి పౌరులే చందాలు వేసుకుని మంటపం కట్టారు. మిథిక్ సొసైటీ బెంగళూరు శాసనాలను త్రీడీ స్కానింగ్ చేసి భద్రపరుస్తోంది.

మన పని ఇంకా చిన్నది. మొదట మీ ఊళ్ళో ఉన్న ప్రతి రాయికీ ఫోటో తీసి, ఊరు, సర్వే నంబరు, దగ్గరి గుర్తు రాయండి. రైస్ పుస్తకంతో సరిచూద్దాం. ఆ జాబితాను గ్రామ పంచాయితీకి, తహశీల్దారుకు, పురావస్తు శాఖకు అర్జీగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుందాం. శుభ్రం చేయడానికి నీళ్ళు, మెత్తని బ్రష్ చాలు. ఆసిడ్, ఇనుప బ్రష్, పెయింట్, సిమెంటు వద్దు. రాయిని కదిలించవద్దు. చోటు మారితే దాని కథ సగం పోతుంది. పడిపోయినదాన్ని శాఖవారిని అడిగాకే నిలబెట్టాలి.

ఒక మాట మరవకూడదు. ఈ శాసనాలలో కన్నడమూ ఉంది, తెలుగూ ఉంది. మన రాళ్ళు, వాళ్ళ రాళ్ళు అని పంచుకుంటే రెండూ పోతాయి. ఆవుల మంద కోసం చనిపోయినవాడు ఏ భాషవాడని ఆనాటి ఊరు అడిగి ఉండదు. కన్నడ ఇరుగుపొరుగును కూడా పిలుచుకుని రండి. లెక్క ఈ ఆదివారమే మొదలుపెడదాం.