బీఎడ్ లెక్క

"అప్పు చేసైనా బిడ్డతో బీఎడ్ చేయించాలా?" అని డోన్ చుట్టుపక్కల మన వాడల్లో తల్లిదండ్రులు అడుగుతున్నారు. లెక్క చూద్దాం.

2015 నుంచి బీఎడ్ రెండేళ్లు. ఫీజుతో పాటు ఆ రెండేళ్లు ఇంటికి రాని కూలి కూడా ఖర్చే. తర్వాత టెట్, ఆపైన డీఎస్సీ. 2018 డీఎస్సీ అయ్యాక 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో గాని రాలేదు. పైగా 2023 సుప్రీంకోర్టు తీర్పుతో ఎస్జీటీ పోస్టుకు బీఎడ్ చెల్లకుండా పోయింది.

భూమున్నోడి బిడ్డ ఏడేళ్లు ఎదురుచూడగలడు. సుగ్గికి పోయే కూలోళ్ల బిడ్డ ఏం తిని ఎదురుచూడాల?

చదవొద్దని మేం అనం. మేమూ ఆ చదువుతోనే పంతుళ్లమైనాం. ఎడ్‌సెట్ రాసి కన్వీనర్ సీటే తీసుకోండి. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంటు రాదు. అప్పు ఎవరింటిది వాళ్లే మోస్తారు. ఏటా డీఎస్సీ మాత్రం అందరం కలిసి అడగాల్సిందే.