తుపాకీ పట్టనివారికి పని లేదా?



1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మన చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన సంగతి ఇక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1924 మే వరకు ఈ కొండల్లో పోరాటం సాగింది. ఆ రెండేళ్లూ ఏ పక్షానా ఆయుధం పట్టకుండా పోడు చేసుకుని బ్రతికిన కుటుంబాల గురించి మాత్రం ఎవరూ అంతగా చెప్పుకోరు. అన్నం పెట్టారా అని ఒకరు, దారి చూపారా అని ఇంకొకరు నిలదీసే కాలాన్ని మన పెద్దలు ఆ తర్వాత కూడా చూశారు.

"మనం ఎవరి జోలికీ పోలేదు, అది చాలు" అని మన సంఘాల్లో చాలామంది అంటారు. అది చాలదని మా అభిప్రాయం.

క్వేకర్లు అనే క్రైస్తవులున్నారు. వారిలో అనేకులు పాస్టరు లేకుండా మౌనంగా కూర్చుని ఆరాధిస్తారు, యుద్ధంలో ఆయుధం పట్టరు. అందుకు జైలుకు వెళ్లినవారూ ఉన్నారు. అయితే వారు ఊరికే ఇంట్లో కూర్చోలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో వారి యువకులు, వారితో ఏకీభవించిన మరికొందరు ఇంగ్లాండులో ఒక పొలం దగ్గర శిబిరం వేసుకుని స్ట్రెచరు మోయడం, గాయాలకు కట్టు కట్టడం నేర్చుకున్నారు. ఆ ఫ్రెండ్స్ అంబులెన్స్ దళంలో 1300 మందికి పైగా పనిచేశారు.

1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. అదే ఏడాది హొరేస్ అలెగ్జాండర్ నాయకత్వంలో ఆ దళం కలకత్తా చేరింది. వచ్చింది బాంబుదాడుల బాధితుల కోసం. కానీ అక్టోబరులో మిడ్నపూరును తుఫాను ముంచింది, మరుసటి ఏడాది బెంగాలును కరువు పట్టింది. వారు పల్లెల్లో పిల్లలకు పాలు పోయడానికి పూనుకున్నారు. అనుకున్న పని ఒకటి, ఎదురైన పని ఇంకొకటి. ఎదురైనదే చేశారు. 1947లో నోబెల్ శాంతి బహుమతి బ్రిటిష్, అమెరికన్ క్వేకర్ సేవాసంస్థలు రెండింటికీ కలిపి వచ్చింది.

మన గూడేల్లో రోడ్డు లేని చోట ఇప్పటికీ డోలీయే గతి. డోలీ ఎదురైనప్పుడు "ఎవరి మనిషి?" అని అడగడం మానుకుందాం. చలిజ్వరం ఎన్ని రోజులుగా ఉంది, గర్భిణీకి ఎన్నో నెల అని అడిగి, భుజం మార్చుకుందాం. వానలు పడకముందే ప్రతి సంఘం నుండి నలుగురు యువకులు డోలీ కుదుపు లేకుండా మోయడం, రక్తం ఆగేలా కట్టు కట్టడం నేర్చుకోవాలి. ఆదివారం ఆరాధన తర్వాత ఒక గంట చాలు. కర్ర, దుప్పటి మీ ఇళ్లలోనే ఉన్నాయి.